తేదీని నమ్మని రోజులు

మణికొండలో మేముండే అపార్ట్‌మెంటు నిండా మీలాంటి కుర్రాళ్లే. లిఫ్టులో కనబడినప్పుడల్లా ఎవరో ఒకరు, మాదాపూర్‌లో మొదట్లో పనిచేసినవాళ్లు కదా మీరు, అప్పుడెలా ఉండేదని అడుగుతూనే ఉంటారు. వాళ్లకి కావలసింది రాళ్ల గుట్టల కథ. ఇప్పుడు మాల్ ఉన్నచోట అప్పుడు గొర్రెలు మేసేవనీ, చీకటి పడితే బస్సు దొరికేది కాదనీ చెబితే సంతోషంగా నవ్వి, మూడో అంతస్తులో దిగిపోతారు. అసలు చెప్పాలనుకున్నది చెప్పడానికి ఆ లిఫ్టు ప్రయాణం చాలదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ముందే చెబుతున్నాను, ఇది గెలిచిన కథ కాదు. ఉత్సాహం తెచ్చుకుందామని చదివేవాళ్లు ఇక్కడే దిగిపోవచ్చు.

తొంభైల చివరి సంవత్సరాలు. గుండ్రటి పెద్ద టవరు అప్పుడే లేచింది, దాని చుట్టూ ఇంకా అన్నీ బండలే. రోడ్డుకి అటువైపు ఒక చిన్న భవనం రెండో అంతస్తులో మా కంపెనీ ఉండేది. రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక ఎక్కడో విజిల్ వినబడేది, ఆ వెంటనే పునాదుల కోసం రాయి పేల్చేవాళ్లు. కిటికీ అద్దాలు గలగలమనేవి, గ్లాసులో నీళ్లు వణికేవి. కొత్తలో ఉలిక్కిపడ్డాం. నెల తిరిగేసరికి ఆ మోత వింటేనే టీకి వేళయిందని లేచేవాళ్లం.

మా కంపెనీ బతుకంతా రెండువేల సంవత్సరం గండం మీద నడిచింది. మీకు ఇది తాతలనాటి ముచ్చట కాబట్టి ఒక్క మాటలో చెబుతాను. పాత ప్రోగ్రాములు సంవత్సరాన్ని రెండంకెల్లోనే దాచుకునేవి. కొత్త శతాబ్దం రాగానే అవి వందేళ్లు వెనక్కి పోయినట్టు లెక్కలు వేస్తాయని లోకమంతా భయపడింది. ఆ భయమే మాకు అన్నం పెట్టింది. రెండేళ్లపాటు పొద్దున్నుంచి సాయంత్రందాకా మేము చేసిన పని ఒకటే, తేదీలను అనుమానించడం. చనిపోయినవాళ్లు ఇంకా పుట్టలేదనీ, పసిపిల్లలకి పింఛను రావాలనీ చెప్పే రికార్డులు చూసి చూసి, తేదీ అనేదాని మీదే మాకు గౌరవం పోయింది. మిగతావన్నీ నిజం, తేదీ మాత్రం అబద్ధం అన్నట్టు ఉండేది మా వరస.

అలాంటి సమయంలో మాకు భూకంపాల పని వచ్చింది. ఎక్కడో మహాసముద్రం ఒడ్డున ఒక దేశం. ఆ దేశపు తీరం పొడుగునా ఒక శాస్త్రవేత్త చిన్న చిన్న యంత్రాలు పాతి, తన వయసంతా పోసి నేల వణుకులు టేపుల మీద పట్టాడు. ఆ టేపులు పాతబడిపోతున్నాయి. వాటిని చదివి కంప్యూటర్లోకి ఎక్కించాలి, చెత్త తీసేయాలి, ఒకే రికార్డు రెండుసార్లు ఉంటే ఒకటి ఉంచి మిగతావి తుడిచేయాలి. ఒప్పందంలో ఉన్నది అంతే. ఆ వణుకులతో ఆయన ఏం చేయాలనుకుంటున్నాడో మేము అడగలేదు, వాళ్లు చెప్పలేదు.

పనిలోకి దిగింది ముగ్గురం. టీం లీడ్ కర్నూలు వైపు ఆవిడ. నాకంటే వయసులో చిన్నది, తెలివిలో చాలా పెద్దది. తప్పు కనబడితే మొహం మీదే చెప్పేది, అది తనదైనా సరే. రాబోయే ఏడు కొత్త బ్రాంచికి ఆవిడే హెడ్ అని ఆఫీసులో అందరికీ తెలుసు, ఆవిడకీ తెలుసు. రెండోవాడు టేపుల మనిషి. మాదాపూర్ పాత ఊళ్లోనే పుట్టి పెరిగాడు. ఎంత మొండి యంత్రమైనా అతని చెయ్యి పడితే దారికొచ్చేది. "ఫికర్ జెయ్యకే అన్నా" అనేది అతని ఊతపదం. మూడోవాణ్ని నేను. గుంటూరు నుంచి వచ్చి, బ్యాంకుల ప్రోగ్రాములు రాసి రాసి, ప్రతి దాంట్లోనూ ఖాతాదారుణ్ణి చూసే స్థితికి చేరినవాణ్ని.

ఆ టేపులతో ఒక చిక్కుండేది. పాతబడిన టేపు జిగురెక్కి యంత్రానికి అతుక్కుపోతుంది. దాన్ని సన్నటి వేడిలో గంటల తరబడి ఉంచి ఆరబెడితే ఒక్కసారికి చదవనిస్తుంది. రెండోసారి పెడితే పైపూత గోధుమరంగు పొడిలా రాలిపోతుంది. అందుకని మా టేపులాయన ఒక్కో టేపునీ బాలింతని చూసుకున్నట్టు చూసుకుని, ఒక్కసారే చదివించి పక్కన పెట్టేవాడు. డిస్కుల్లో చోటు తక్కువ. మీరిప్పుడు జేబులో వేసుకు తిరిగే ఫోనులో ఉన్నంత జాగా మా ఆఫీసు మొత్తంలో లేదు. అందువల్ల టేపు ఎక్కగానే డూప్లికేట్లు వెతికి తుడిచేస్తేగాని తర్వాతి టేపుకి చోటుండేది కాదు.

మొదటి వారంలోనే అచ్చుగుద్దినట్టున్న రెండు రికార్డులు దొరికాయి. వణుకుని చూపించే గీత రెంటిలోనూ వంపు వంపుకీ సరిపోయింది, తేదీలు మాత్రం ఏళ్ల తేడాలో ఉన్నాయి. ఆయన ఆఫీసువాళ్లని అడిగితే, అవును, ఆ టేపుకి ఒకసారి కాపీ తీశాం, కాపీ మీద తేదీ తప్పు పడింది, తీసేయండి అని జవాబొచ్చింది. మాకు కావలసింది అదే. ముగ్గురం కూర్చుని నియమం ఒకటి పెట్టుకున్నాం. రెండు గీతలు ఒకేలా ఉంటే అది ఒకే భూకంపం. తేదీలు వేరుగా ఉంటే తేదీ తప్పు. మొదటిది ఉంచి మిగతావి తీసేయడమే. మళ్లీ మళ్లీ అడిగి వాళ్లని విసిగించడమెందుకని ఊరుకున్నాం. నియమం ఆవిడ రాసింది, ప్రోగ్రాం నేను రాశాను, టేపులు అతను ఎక్కించాడు. ముగ్గురిలో ఒక్కరికీ అనుమానం రాలేదు. రెండేళ్లు తేదీల తప్పులు ఏరినవాళ్లకి అనుమానం ఎలా వస్తుంది?

డూప్లికేట్లు బాగా పడ్డాయి. మేమనుకున్నదానికంటే చాలా ఎక్కువ పడ్డాయి. గోడకున్న తెల్లబోర్డు మీద తుడిచేసినవెన్నో రోజూ సాయంత్రం రాసేవాళ్లం. అంకె పెరిగేకొద్దీ మాకు ఉషారు. ఏం మనుషులయ్యా వీళ్లు, ఒక్క టేపు కూడా సరిగ్గా దాచుకోవడం రాదు అని ఆ దేశంవాళ్ల మీద జోకులు వేసుకునేవాళ్లం. మేనేజరు వచ్చి ఆ అంకె చూసి ఒకరోజు అందరికీ సమోసాలు తెప్పించాడు. మేనేజరు మావాడే, కృష్ణా జిల్లా. మాట చాలా మెత్తన.

పని పూర్తయ్యే ముందు ఆ శాస్త్రవేత్త స్వయంగా హైదరాబాద్ వచ్చాడు. పొడుగ్గా, వంగిపోయి, చొక్కా మోచేతుల దగ్గర వెలిసిపోయి ఉన్నాడు. మేము కోటూ టై ఊహించుకుని గదికి రూమ్ ఫ్రెషనర్ కొట్టి కూర్చున్నాం. ఆయన మా ఏర్పాట్లేవీ చూడలేదు, తెర మీది రికార్డులే చూశాడు. చాలాసేపు మెచ్చుకున్నాడు. చనిపోయాయనుకున్న టేపులు మళ్లీ మాట్లాడుతున్నాయన్నాడు. టేపులాయన సిగ్గుతో తల వంచుకున్నాడు. తర్వాత ఆయన అసలు సంగతి అడిగాడు, "మళ్లీ మళ్లీ వచ్చినవి ఏ ఫైలులో పెట్టారు?" అని.

మాకు అర్థం కాలేదు. ఏం మళ్లీ రావడం అని టీం లీడ్ అడిగింది. ఆయన తన రెండు అరచేతుల్నీ ఒకదాని మీద ఒకటి ఆనించి చూపించాడు. భూమి పైపొర కొన్ని పెద్ద పలకలుగా ఉంది. ఆ తీరంలో ఒక పలక ఇంకోదాని కిందికి దూరుతోంది. కొన్నిచోట్ల రెండూ గట్టిగా పట్టేసుకుని ఉంటాయి. కొన్నిచోట్ల గోరు పెరిగినంత మెల్లగా, చప్పుడు లేకుండా జారుతుంటాయి. అలా జారేచోట మధ్యలో ఒక చిన్న ముడిలాంటిది ఉంటే, చుట్టూ నేల కొంత జరిగినప్పుడల్లా ఆ ముడి టక్కున విడుతుంది, మళ్లీ పట్టుకుంటుంది. కొన్నేళ్లకి మళ్లీ విడుతుంది. అదే చోటు, అదే పరిమాణం, గీత కూడా అదే. మా టీ కొట్టు షట్టరు రోజూ ఒకేచోట పట్టేసి ఒకేలా కిర్రుమనడం నాకు గుర్తొచ్చింది. ఒక వణుకుకీ తర్వాతి వణుకుకీ మధ్య ఎంతకాలం పట్టిందో తెలిస్తే, అడుగున పలక ఎంత వేగంగా జారుతోందో లెక్క కట్టొచ్చట. జారుతున్న చోట బిగువు కొంత సడలుతుంది. జారనిచోట అది పేరుకుంటూ ఉంటుంది. ఏదో ఒకరోజు పెద్ద భూకంపం వచ్చేది అక్కడే. తన తీరంలో ఏ ఊళ్లు ఏ చోట మీద కూర్చున్నాయో తెలుసుకోవాలని ఆయన జీవితమంతా ఆ యంత్రాల చుట్టూ తిరిగాడు.

ఆ మాటలవుతుండగానే బయట విజిల్ వినబడింది, రాయి పేలింది. గ్లాసులో నీళ్లు వణికాయి. ఆయన ఉలిక్కిపడలేదు, బల్ల మీద అరచెయ్యి ఆనించి చూసి నవ్వాడు. ఇది రోజూ ఇదే చోట పేలుతుందా అని అడిగాడు. అవునన్నాం. మీ భవనంలో యంత్రం పెడితే రోజూ ఒకే గీత వస్తుంది, అచ్చం ఇలాంటివే నాకు కావలసినవి అన్నాడు.

టేపులాయన నా వైపు వంగి తెలుగులో మెల్లగా అన్నాడు. "అన్నా, గట్లయితే ఇయ్యాల్టి మోత నిన్నటి మోతకు కాపీ కాదు గదా."

టీం లీడ్ వైపు చూశాను. ఆవిడ గోడ వైపు చూస్తోంది. గోడ మీద బోర్డూ, దాని మీద మా అంకే అలాగే ఉన్నాయి. ఆ ఫైలు సంగతి చూసి రేపు చెబుతామని ఆయన్ని హోటలుకి పంపించేసింది.

ఆ మధ్యాహ్నమంతా వెతికాం. బ్యాకప్ క్యాసెట్లు ఉన్నవే కొన్ని, వాటినే వారం వారం తిప్పి తిప్పి వాడేవాళ్లం. పాతవాటి మీద శుభ్రం చేసిన కాపీలు ఎప్పుడో ఎక్కేశాయి. ఏవేవి తుడిచేశామో ప్రోగ్రాం ఎక్కడా దాచలేదు. చోటు వృథా అని లెక్క మాత్రం ఉంచాం. చివరికి టేపులాయన అసలు టేపొకటి తెచ్చి, మళ్లీ వేడి చేసి, యంత్రం మీద పెట్టాడు. అది రెండు చుట్లు తిరిగిందో లేదో కీచుమని ఆగిపోయింది. తలుపు తీస్తే లోపలంతా గోధుమరంగు పొడి. అతను ఆ పొడిని వేలితో తీసి చూసుకుంటూ కూర్చున్నాడు. ఫికర్ చెయ్యకని ఆ రోజు అనలేదు.

మేనేజరుకి చెప్పక తప్పలేదు. ఆయన కోప్పడితే బాగుండేది. కోప్పడలేదు. తలుపు మూసి, చాలా మెత్తగా దారి చూపించాడు. "టేపులు ఎంత పాతవండీ అవి. సగం చదవడానికి రాలేదని చెప్పేద్దాం. ఆయనా నమ్మేస్తారు, పైగా మనల్ని మెచ్చుకున్నారు కూడానూ. ఇప్పుడు నిజం చెబితే ఎవరికండీ లాభం?" అన్నాడు. నిజం చెబితే ప్రాజెక్టు పోతుంది, దాని వెనకే రావలసిన ఇంకో రెండు పోతాయి, మీ కొత్త బ్రాంచి సంగతి మీకే తెలుసు అని టీం లీడ్ వైపు చూశాడు. నిజం చెప్పొద్దంటే నాకు మనసులో హాయిగా అనిపించింది. దాచుకోవడం దేనికి, అప్పుడు నాకు ఇంటి లోను కొత్త.

బయటికొచ్చాక ఆవిడ కారిడార్లో కిటికీ దగ్గర ఆగిపోయింది. ఎదురుగా పేల్చిన బండ ముక్కల్ని లారీకి ఎత్తుతున్నారు.

"సార్, టేపులు పాడైనాయని చెప్పి పంపిస్తే ఆయన ఊరికి పోయి ఏమనుకుంటాడు? ఆ వణుకులు మళ్లీ రానేలేదేమో అనుకుంటాడు. కింద ఏమీ జారలేదని రాసుకుంటాడు. మన తప్పు పోయి ఆ నేల మీద పడుతుంది."

మరి మీ ఉద్యోగం, అన్నాను.

"ఉద్యోగం ఇంకోటి దొరుకుతుంది. అవి వచ్చినాయి సార్. వచ్చినవాటిని రాలేదని నేను చెప్పలేను."

మర్నాడు పొద్దున ఆయన వచ్చి కూర్చోగానే, మేనేజరు నోరు తెరిచేలోపు ఆవిడే లేచి నిలబడింది. నియమం తనదేనంది. నా పేరూ ఎత్తలేదు, టేపులాయన పేరూ ఎత్తలేదు. ఒకేలా ఉన్నవాటిని కాపీలనుకున్నామనీ, తేదీ తప్పనుకున్నామనీ, ప్రతి గుంపులో మొదటిది మాత్రమే మిగిలిందనీ, మిగతావి ఎక్కడా లేవనీ చెప్పింది. చివర్లో బోర్డు మీది అంకెను చూపించింది. కాపీలూ నిజమైనవీ అన్నీ కలిపి ఇన్ని అంది.

ఆయన లేచి బోర్డు దగ్గరికి వెళ్లాడు. అంత పెద్ద అంకెను చూస్తూ కాసేపు నిలబడ్డాడు. మా వైపు తిరిగినప్పుడు ఆయన మొహంలో కోపం లేదు. సంతోషం ఉంది.

"అంటే వచ్చాయి. అన్ని వచ్చాయి. నేను చెబితే మా వాళ్లెవరూ నమ్మలేదు," అన్నాడు.

వెంటనే కుర్చీ మా వైపు లాక్కుని కూర్చున్నాడు. ఇంకేమీ వద్దు, ఒక్క గుంపు చాలు, ఏదైనా ఒక్కటి గుర్తు తెచ్చుకోమన్నాడు. ఒక వణుకుకీ తర్వాతి వణుకుకీ మధ్య ఎన్నేళ్లు? రెండా, అయిదా, పదా? మొదట్లో దూరంగా ఉండి తర్వాత దగ్గరయ్యాయా? ముగ్గురి మొహాలూ ఒక్కొక్కటే చూశాడు. మీరు తప్ప వాటిని చూసినవాళ్లు ఈ లోకంలో ఇంకెవరూ లేరు అన్నాడు.

గీతలు చూశాం. ఎంత బాగా సరిపోయాయో చూసి మురిసిపోయాం. తేదీని మాత్రం చూడలేదు. అది ఎలాగూ తప్పే కదా అని కన్ను దాన్ని దాటేసి పోయేది. టేపులాయన కళ్లు మూసుకుని చాలా ప్రయత్నించాడు. కాసేపటికి తల అడ్డంగా ఊపి, "యాద్‌కు వస్తలేదు సార్" అన్నాడు. దాన్ని ఇంగ్లీషులో చెప్పడం నా వంతైంది.

ఆ సంతోషం ఆయన మొహంలోంచి ఎలా దిగిపోయిందో నేను చూశాను. ఒకేసారి పోలేదు. ఒక్కో ప్రశ్నకీ కొంచెం కొంచెంగా పోయింది. అన్నేళ్లు చేసిన పనికి ఆయన చేతిలో మిగిలింది బోర్డు మీది అంకె ఒక్కటే. దాంట్లో కాపీలెన్నో, నిజమైనవెన్నో దేవుడికే తెలియాలి. అలాంటి అంకె పట్టుకుని ఎవరి ముందు నిలబడతాడు? వెళ్లేముందు ఆయన టీం లీడ్‌కి చెయ్యి కలిపి, నిజం చెప్పినందుకు థాంక్స్ చెప్పాడు. ఆవిడ అప్పటిదాకా గట్టిగానే ఉంది. ఆ మాటతో ఏడ్చేసింది.

తర్వాత జరిగింది మీరు ఊహించుకోగలరు. ప్రాజెక్టు పోయింది. నెల తిరక్కుండా ఆవిడ చేత రాజీనామా రాయించుకున్నారు. నన్నూ టేపులాయన్నీ ఏమీ అనలేదు, మా పేర్లు పైవాళ్లదాకా వెళ్లలేదు కాబట్టి. అతను కొన్నాళ్లకి తానే మానేసి, పాత ఊళ్లో ఇంటి ముందు జిరాక్సు మిషన్ పెట్టుకున్నాడు. రోజంతా కాపీలు తీయడమే అతని పనయింది. ఒకసారి అటు వెళ్లి ఆ మాటే అని నవ్వించబోయాను. అతను నవ్వలేదు, నాకూ ఇంకెప్పుడూ అనబుద్ధి కాలేదు. బ్రాంచి హెడ్‌గా ఇంకెవరో వచ్చారు. రెండువేల సంవత్సరం ఏ గండమూ లేకుండా వచ్చి వెళ్లిపోయింది. లోకమంతా మమ్మల్ని చూసి నవ్వింది. మేము పెద్దగా పట్టించుకోలేదు. మా గండం అంతకుముందే అయిపోయింది.

టీం లీడ్ తర్వాత ఒక ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయింది. ప్రగతి నగర్‌లో చెరువుకి దగ్గర్లో ఉంటోంది. అప్పుడప్పుడు ఫోన్ చేసుకుంటాం. పిల్లల సంగతులూ, మోకాళ్ల నొప్పులూ మాట్లాడుకుంటాం. ఆ ప్రాజెక్టు మాట ఇద్దరం ఎత్తం.

ఆ మధ్య మనవరాలి సైన్సు ప్రాజెక్టు కోసం కంప్యూటర్లో భూకంపాల గురించి వెతుకుతుంటే ఒక మ్యాపు కనబడింది. సముద్ర తీరాల వెంట రంగురంగుల గీతలు వేసి ఉన్నాయి. ఎక్కడ పలకలు మెల్లగా జారుతున్నాయి, ఎక్కడ బిగుసుకుని ఉన్నాయి అన్నది అందులో ఉంది. మళ్లీ మళ్లీ వచ్చే చిన్న వణుకులను బట్టి కట్టిన లెక్కలవి. ఆయన అప్పుడు అరచేతులతో చూపించిందే ఇప్పుడు చదువుకునే పిల్లలకి బొమ్మయింది. ఉండబట్టలేక ఆవిడకి ఫోన్ చేశాను. మొత్తం విన్నది. అప్పుడు అడిగింది.

"సార్, ఆ తీరం ఉందా దాంట్లో?"

ఉంది. నేను మొదట వెతికింది దాన్నే. ఆ మేర రంగు లేదు. తెల్లగా వదిలేసి, పక్కన చిన్న అక్షరాల్లో ఒక ముక్క రాశారు. అదే చదివి వినిపించాను. ఈ ప్రాంతంలో మళ్లీ మళ్లీ వచ్చిన వణుకుల పాత రికార్డులు లేవు కాబట్టి ఏమీ చెప్పలేము అని.

"లేవని రాసినారా, పోయినాయని రాసినారా?"

తెర దగ్గరికి వంగి మళ్లీ చదివాను. లేవనే రాశారు మేడమ్ అన్నాను. ఆవిడ ఫోన్ పెట్టలేదు. ఎవరు ముందు పెట్టాలో తెలియక ఇద్దరం అలాగే ఉండిపోయాం.